తలకిందులుగా తపస్సు

"తలకిందులుగా తపస్సు చేసినా నీకా ఛాన్సు రాదు!"

కృష్ణానగర్ టీ బంకుల దగ్గర కనీసం వారానికోసారైనా వినిపించే మాట ఇది. మన భాషలో అసాధ్యానికి ఇంతకు మించిన కొలబద్ద లేదు. ఒంటికాలి మీద తపస్సు చేస్తే దేవుడు దిగి వస్తాడేమోగానీ, తలకిందులుగా చేసినా రాలేదంటే ఇక ఆశ వదులుకోవలసిందే! లెక్కలు తల్లకిందులైనాయంటాం. వ్యాపారం తల్లకిందులైందంటాం. మంచి జరిగినప్పుడు మాత్రం ఎవరూ "అబ్బ, మా కథ తల్లకిందులైందండీ" అని మిఠాయిలు పంచరు.

ఆ తలకిందుల తపస్సునే నేను మూడేళ్ళుగా చేస్తున్నాను. ఛాన్సు కోసం కాదు లెండి! యోగా క్లాసులో.

మీరు సినిమా ప్రియులు గనుక ముందుగా ఓ సంగతి. డిజిటల్ రాకముందు, రీళ్ళ రోజుల్లో, ఆపరేటర్ ప్రొజెక్టరులో ఫిల్మును తలకిందులుగానే ఎక్కించేవాడు. మధ్యలో కటకం బొమ్మను తిరగేస్తుంది కాబట్టి, అక్కడ తలకిందులుగా ఉంటేనే తెర మీద హీరో నిటారుగా నిలబడేది. మన కంట్లోనూ అదే తంతు. రెప్ప వెనకాల రెటీనా మీద పడే బొమ్మ తలకిందులుగానే పడుతుంది. దాన్ని సరిచేసి చూపించే పని మెదడుది. అంటే తలకిందులు మనకేం కొత్త కాదన్నమాట. కొత్తల్లా మన శరీరానికే!

1951లో 'రాయల్ వెడ్డింగ్' అనే హాలీవుడ్ చిత్రంలో ఫ్రెడ్ ఆస్టెయిర్ గోడలెక్కి, పైకప్పు మీద తలకిందులుగా డాన్సు చేస్తాడు. ఇప్పుడు చూసినా కళ్ళు తిరుగుతాయి. కిటుకేమిటంటే, గది సెట్టు మొత్తాన్ని ఓ పెద్ద డ్రమ్ములో బిగించి గుండ్రంగా తిప్పారు. కెమెరానూ కెమెరామన్‌నూ సెట్టుకే కట్టేశారు. తిరిగింది గది. ఆస్టెయిర్ పాదాలు ఎప్పుడూ నేల మీదే!

యోగా క్లాసులో మనకా వసతి లేదు. గది కదలదు. మనమే తిరగాలి. అసలు చిక్కంతా అక్కడే వస్తుంది.

నీళ్ళ సీసా ఆసనం

ఇంతకీ నేనెవరో చెప్పలేదు కదూ! బి.ఏ. చదివి, సినిమాల మీదా సినిమా మనుషుల మీదా రాసుకుంటూ బతికే ఫ్రీలాన్సర్ని. ఎవరు రాయమంటే వాళ్ళకు రాస్తాను. ముప్ఫయి దాటాయి. ఎన్ని దాటాయని ఆడవాళ్ళని అడక్కూడదు! పగలంతా ఎవరి ఇంటర్వ్యూ కోసమో ఎక్కడో ఓ సోఫాలో ఎదురుచూడటం, రాత్రంతా కంప్యూటర్ ముందు వంగి కూర్చోవటం... దాంతో నడుం పట్టేసింది. యూసుఫ్‌గూడలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో పొద్దున ఆరింటికి యోగా క్లాసు జరుగుతుందంటే వెళ్ళి చేరాను.

క్లాసు చెప్పేది ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. గుప్పెడు మంది విద్యార్థులం. ఆవకాయ పెట్టడంలో కాలనీ మొత్తానికీ పేరున్న అరవై రెండేళ్ళ పిన్నిగారు ఒకరు. ఎప్పుడూ ఆవులిస్తూ ఉండే ఇంజినీరింగ్ కుర్రాడొకడు. సినిమాల్లో ఫైటరుగా చేస్తూ, వెన్నునొప్పి తగ్గించుకోవటానికి వచ్చే కరీంనగర్ తమ్ముడొకడు. ఇంకా నలుగురైదుగురు.

త్రికోణాసనం వచ్చింది. వీరభద్రాసనంలో తొడలు వణికినా నిలబడ్డాను. భుజంగాసనంలో నా నడుమే నాకు కృతజ్ఞతలు చెప్పింది. అంతా సవ్యంగానే ఉండేది, చివరి ఇరవై నిమిషాలు వచ్చేదాకా. అప్పుడు మాస్టారు చేతిగడియారం చూసుకుని, "ఇక విపరీతం పనులు చేద్దామా?" అనేవారు. విపరీతం అంటే తిరగబడ్డది అని అర్థం. గుండె కంటే కాళ్ళు పైకి పోయే ఆసనాలన్నీ ఆ జాబితాలోవే: విపరీతకరణి, సర్వాంగాసనం, హలాసనం, శీర్షాసనం వగైరా.

ఆ మాట చెవిన పడగానే నాకు విపరీతమైన దాహం వేసేది! లేచి వెళ్ళి నీళ్ళు తాగి, సీసా మూత బిగించి, మళ్ళీ తీసి... అలా ఇరవై నిమిషాలూ గడిపేదాన్ని. పిన్నిగారు మాత్రం చీరకుచ్చెళ్ళు బదులు పైజమా బిగించుకొచ్చి, సర్వాంగాసనంలో జెండా కర్రలా నిలబడేవారు. దిగి వచ్చి, "ఏమ్మా, నీళ్ళ సీసా ఆసనం అయిందా?" అని నవ్వేవారు.

ఈ భయం ఎక్కడిది?

నాకు ఎత్తులంటే భయం లేదు. ఎగ్జిబిషన్లో జెయింట్ వీల్ ఎక్కుతాను. అవుట్‌డోర్ షూటింగుకు వెళ్ళి క్రేన్ మీద కూర్చున్నాను. మరి నేలమీద, దుప్పటి మీద, గోడ పక్కన, నాలుగడుగుల లోపు వ్యవహారానికి అరచేతులు ఎందుకు చెమటలు పడుతున్నట్టు?

ఆలోచించగా ఆలోచించగా గుర్తొచ్చింది. మా అమ్మమ్మగారి ఊళ్ళో, గడ్డివాము పక్కన, ఎనిమిదో ఏటా తొమ్మిదో ఏటా నేను వేసినన్ని పిల్లిమొగ్గలు ఆ వీధిలో మరెవరూ వెయ్యలేదు. మా బావ నాలుగు వేస్తే నేను ఆరు వేసేదాన్ని. గడ్డి గుచ్చుకుని వీపంతా దద్దుర్లు. పదకొండో ఏడు వచ్చేసరికి, "ఆడపిల్లవి, ఆ మొగ్గలేంటే? లంగా సర్దుకో!" అన్నారు. అంతే! బావ మొగ్గలు మాత్రం ఇంటరు దాకా సాగాయి.

అప్పట్నుంచి ఇరవై ఏళ్ళ పైబడి నా తల నడుముకంటే కిందికి వెళ్ళిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మంచం కింద పడ్డ చెప్పు కోసం ఒకసారి, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ కోసం ఒకసారి! మగపిల్లల సంగతి మాత్రం ఎంత మెరుగు? బడి దాటాక వాళ్ళకీ మొగ్గల్లేవు. ఈ చదువుతున్న మీలో ఎంతమంది ఈ ఏడాదిలో ఒక్కసారైనా పిల్లిమొగ్గ వేశారో గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి!

చెవి లోపల మన తల ఎటు వాలిందో కనిపెట్టే చిన్న ఏర్పాటు ఉంటుంది. సూక్ష్మమైన సున్నపు రేణువులు ఓ జిగురుపొర మీద కూర్చుని, తల ఎటు వంగితే అటు జరిగి మెదడుకు కబురు చెబుతాయి. ఏళ్ళ తరబడి "నిటారు, నిటారు" అనే కబురే వింటున్న మెదడుకు ఉన్నట్టుండి "తలకిందులు!" అని వార్త అందితే కంగారు పడదూ? కుడి ఏదో ఎడమ ఏదో తెలీదు. కాలు ఎత్తమంటే మోకాలు వంగుతుంది. దాన్ని మనం పిరికితనం అనుకుంటాం. నిజానికది అలవాటు లేకపోవటం.

అలవాటు చేస్తే మెదడు ఎంతకైనా సర్దుకుంటుంది. 1890లలో జార్జ్ స్ట్రాటన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లోకాన్ని తలకిందులుగా చూపించే కటకాలు కళ్ళకు కట్టుకుని రోజుల తరబడి తిరిగాడు. మొదట్లో ఏది ముట్టుకోబోయినా చెయ్యి ఎటో పోయేది. రోజులు గడిచేకొద్దీ చెయ్యీ కన్నూ రాజీపడి, ఆ తలకిందుల లోకంలోనే పనులు చేసుకోగలిగాడు. ఆయన చేసిందల్లా ఓపిగ్గా రోజూ కాస్త కాస్త మసలటమే.

మన హఠయోగ ప్రదీపికలోనూ ఇదే మర్మం ఉంది. సుమారు 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన ఆ గ్రంథం విపరీతకరణి గురించి చెబుతూ, మొదటిరోజు ఒక్క క్షణం మాత్రమే తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టమంటుంది. ఆ తర్వాత రోజురోజుకూ ఆ క్షణానికి కొంచెం కొంచెం కలుపుకుంటూ పొమ్మంటుంది. మొదటిరోజే అయిదు నిమిషాలని ఎక్కడా లేదు!

మాస్టారి స్క్రీన్‌ప్లే

నీళ్ళ సీసాతో నా స్నేహం చూసీ చూసీ, ఓ రోజు మాస్టారు పిలిచారు.

"ఏమ్మా, శీర్షాసనం వెయ్యమని నిన్నెవరైనా అడిగారా?"

"లేదండీ."

"మరి దేనికి భయం? గోడకు కాళ్ళు ఆనించి పడుకోవటానిక్కూడా దాహం వేస్తుందా?"

అలా మొదలైంది. ఆయన నాకు వేసిన వరస సినిమాకి సీను సీనుగా స్క్రీన్‌ప్లే రాసుకున్నట్టే ఉండేది. క్లైమాక్సు మాట ఎత్తనిచ్చేవారు కాదు.

మొదటి నెల గోడ. పిరుదులు గోడకు చేర్చి, కాళ్ళు గోడ మీదికి చాపి, వెల్లకిలా పడుకోవటం. నడుం కింద మడతపెట్టిన దుప్పటి. కళ్ళు మూసుకుని పది శ్వాసలు. ఇందులో భయపడటానికి ఏమీ లేదు. పైపెచ్చు రోజంతా నిలబడ్డ కాళ్ళకు పండగ! కానీ కాళ్ళు తలకంటే పైన ఉన్నా కొంప మునగదని శరీరానికి మొదటి కబురు అక్కడే అందుతుంది.

రెండో నెల అధోముఖ శ్వానాసనం. కుక్క ఒళ్ళు విరుచుకుంటుంది చూడండి, ముందుకాళ్ళు చాపి, నడుం పైకెత్తి... అది. తల చేతుల మధ్య వేలాడుతుంది. లోకం కాళ్ళ సందులోంచి కనిపిస్తుంది. మొదటి వారం కళ్ళు తిరిగినట్టయింది. రెండో వారం ఇంజినీరింగ్ కుర్రాడి ఆవులింత కూడా తలకిందులుగా గుర్తుపట్టగలిగాను.

తర్వాత దానికే చిన్న మార్పు. అరచేతుల బదులు మోచేతుల దాకా నేలకు ఆనించి నడుం ఎత్తటం. ఇప్పటి క్లాసుల్లో దీన్ని డాల్ఫిన్ అంటున్నారు. పేరు వింటే సరదాగా ఉంటుంది గానీ, భుజాలకు నిప్పంటుకుంటుంది! "తల నేలకు తాకకుండా ఇందులో ఇరవై శ్వాసలు నిలబడు. ఆ తర్వాతే మిగతా మాటలు" అన్నారు మాస్టారు. ఎందుకంటే శీర్షాసనం అనే పేరు చూసి మొత్తం బరువు తల మీదే మొయ్యాలనుకుంటారు చాలామంది. ముంజేతులూ భుజాలూ గట్టిగా నేలను తొక్కకపోతే ఆ భారమంతా పోయి మెడ మీద కూర్చుంటుంది. భుజాలు చెవుల దగ్గరికి జారకూడదు. ఇరవై శ్వాసలు రావటానికి నాకు పది వారాలు పట్టింది.

సర్వాంగాసనం సంగతీ అంతే. దుప్పట్లు మూడు నాలుగు మడతపెట్టి, భుజాలు వాటి మీద, తల మాత్రం కింద నేల మీద ఉండేట్టు పడుకోబెట్టేవారు. అలా అయితే మెడ నలగదు. పైకి లేచాక తల పక్కకు తిప్పటం నిషేధం. "పక్కవాళ్ళు ఎలా వేస్తున్నారో చూడాలనిపిస్తుంది. చూశావో, మెడ పట్టేస్తుంది. పోటీ ఉంటే దిగాక చూసుకో!" అనేవారు.

ఇంకో విచిత్రం. ఏ మెట్టు దగ్గరైనా ఆయన చూసేది ఎక్కటం కాదు, దిగటం. పైకి బాగా లేచి ధబ్బున పడితే మొహం చిట్లించేవారు. సగమే లేచి నెమ్మదిగా, ఊపిరి వదులుతూ దిగితే, "శభాష్" అనేవారు. "విసిరితే రాయి కూడా పైకి పోతుందమ్మా. తనంతట తాను మెల్లగా దిగటం దానికి చేతకాదు" అన్నారొకసారి.

పడటం నేర్చుకున్న రోజు

అయినా గోడ వదిలి గది మధ్యకు రమ్మంటే మాత్రం ససేమిరా అన్నాను. వెనక్కి పడితే? ఈ ఒక్క ప్రశ్న దగ్గర నా బండి నెలలపాటు ఆగిపోయింది.

దాన్ని కదిలించింది మాస్టారు కాదు, మా ఫైటర్ తమ్ముడు. ఓ రోజు క్లాసు అయిపోయాక చాపలు చుడుతూ అన్నాడు:

"అక్కా, మా దాంట్ల ఫస్ట్ దినం కొట్టుడు నేర్పరు. పడుడు నేర్పిస్తరు. పడుడు రానోడు భయపడుకుంట దుంకుతడు. భయపడుకుంట దుంకెటోనికే దెబ్బ తాకుతది. నువ్వు పడుడు నేర్చుకున్నవా?"

లేదు! పడకుండా ఉండటం ఎలాగో నేర్చుకుంటున్నాను గానీ, పడటం ఎవరు నేర్చుకుంటారు? కానీ అతను చెప్పింది అక్షరాలా నిజం. జూడోలో కూడా కొత్తవాళ్ళకు ముందుగా నేర్పేది పడే పద్ధతే. తెర మీద హీరో కొట్టిన దెబ్బకు బల్ల మీంచి ఎగిరి పడే మనిషిని మనం పట్టించుకోం. అతను అలా వందసార్లు పరుపుల మీద పడి నేర్చుకున్నాడు కాబట్టే నూటొకటోసారి లేచి, టీ తాగి, ఇంకో టేక్‌కు సిద్ధమవుతాడు.

మాస్టారు మూడు చాపలు పరిపించారు. తమ్ముడు చూపించాడు. శీర్షాసనంలో వెనక్కి తూలుతున్నట్టు అనిపిస్తే బిగుసుకుపోకూడదు. తల వెనకాల పెనవేసిన వేళ్ళు వదిలెయ్యాలి. మోకాళ్ళు ముడుచుకోవాలి. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, దొర్లిపోవాలి. చక్రం దొర్లినట్టు.

నేను అలాగే చూస్తుండిపోయాను. ఇదేమిటి, ఇది... పిల్లిమొగ్గ!

పదకొండో ఏట "ఆడపిల్లవి" అని నా దగ్గర్నుంచి లాక్కున్నది ఇదే. తొమ్మిదేళ్ళ వయసులో నాకు ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య. ఆ రోజు మూడు చాపల మీద పన్నెండు పిల్లిమొగ్గలు వేశాను. మొదటిది పక్కకు పోయి కుర్చీకి తగిలింది. ఆరోదానికి తిన్నగా వచ్చింది. పన్నెండోదానికి పిన్నిగారు ఈల వేశారు! ఆవిడకు ఈల వేయటం వచ్చని ఆ రోజే తెలిసింది.

తర్వాత ఎప్పుడో బి.కె.ఎస్. అయ్యంగార్ పుస్తకం 'లైట్ ఆన్ యోగా' తిరగేస్తుంటే ఇదే సలహా కనపడింది. 1966లో వచ్చిన ఆ పుస్తకం ప్రపంచమంతా చదివిన యోగా గ్రంథం. అందులో శీర్షాసనం దగ్గర ఆ మహానుభావుడు, పడిపోతుంటే వేళ్ళు సడలించి, మోకాళ్ళు వంచి, దొర్లిపోయి, చిరునవ్వు నవ్వమన్నారు. 2014లో తొంభై అయిదేళ్ళ వయసులో కన్నుమూసేదాకా యోగాతోనే బతికిన గురువే పడటానికి పద్ధతి రాసిపెడితే, మనకు సిగ్గెందుకు?

అమ్మ కాలవ

ఇంట్లో కూడా సాధన మొదలుపెట్టాను. పడగ్గదిలో రెండు గోడలు కలిసే మూల నా అడ్డా. కొత్తవాళ్ళకు మూల మంచిది, రెండు పక్కలా ఆసరా ఉంటుంది. ఓ ఆదివారం పొద్దున కాళ్ళు గోడకు ఆనించి ఉండగా అమ్మ లోపలికొచ్చింది. ఊరి నుంచి వచ్చి వారం రోజులైంది.

"ఓసి నీ తెలివి తెల్లారా! మెడ విరగ్గొట్టుకుంటావుటే?"

మెల్లగా దిగి, మోకాళ్ళ మీద వాలి, నుదురు నేలకు ఆనించి కాసేపు ఆగి, లేచాను. శీర్షాసనం నుంచి దిగాక చటుక్కున లేవకూడదు. అమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉంది. మొహంలో కోపం లేదు.

"మా ఊరి కాలవలో వంతెన మీంచి తలకిందులుగా దూకేదాన్ని నేను" అంది. "మీ మావయ్యలిద్దరూ కాళ్ళతో దూకేవాళ్ళు. నేనే తలతో."

నా చెవుల్ని నేనే నమ్మలేదు. బస్సు ఫుట్‌బోర్డు ఎక్కటానికి రెండుసార్లు ఆలోచించే మనిషి!

"మరి ఎప్పుడు మానేశావే?"

"మానేదేముంది? పెద్దమనిషినయ్యాను. కాలవకే వెళ్ళనివ్వలేదు." అని, కాఫీ కలుపుతాను రమ్మని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాతో "లంగా సర్దుకో" అన్నది అమ్మమ్మో పిన్నో గుర్తులేదు. అమ్మే అయినా ఇప్పుడు కోపం రాదు. ఆవిడకు వంతెన పోయింది, నాకు గడ్డివాము పోయింది. ధైర్యం లేక వదిలేసినవి కావవి. ఇప్పుడు అమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడల్లా గోడకు కాళ్ళు ఆనించి నా పక్కనే పడుకుంటుంది. మోకాళ్ళకు హాయిగా ఉందిట. అంతకు మించి వద్దంటుంది. నేనూ బలవంతపెట్టను.

గది మధ్యలో నాలుగు శ్వాసలు

క్లాసులో చేరిన పదకొండో నెలలో, ఓ గురువారం, గోడ లేకుండా నిలబడ్డాను. డాల్ఫిన్‌లోంచి అడుగులో అడుగు వేసుకుంటూ ముఖం దగ్గరికి వచ్చి, మోకాళ్ళు ఛాతీకి ముడిచి, కాళ్ళు వాటంతటవే తేలిపోయినట్టు లేచాయి. ఎగరలేదు, తన్నలేదు. సీలింగు ఫ్యాను నేలలోంచి మొలిచిన పువ్వులా కనపడింది. తలుపు పక్కన విప్పిన చెప్పులన్నీ పైకప్పుకు అతుక్కుని ఉన్నాయి. నాలుగు శ్వాసలు లెక్కపెట్టాను. అయిదోదానికి ఊగినట్టు అనిపించి, మోకాళ్ళు ముడిచి దిగిపోయాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కుర్రాడు ఆవులించాడు. మాస్టారు "దిగటం బాగుంది" అన్నారు. నాకు అది చాలు.

దీనివల్ల నా జీవితం మారిపోయిందని రాస్తే సంపాదకులకు బాగుంటుందేమో గానీ, అది నిజం కాదు. చెక్కులు ఇప్పటికీ ఆలస్యంగానే వస్తున్నాయి. సోఫాల్లో ఎదురుచూపులు తప్పలేదు. కాకపోతే ఒక్క అలవాటు అబ్బింది. కొత్త పని ఏదైనా ఒప్పుకునేముందు, "ఇది కుదరకపోతే దిగే దారి ఏది?" అని చూసుకుంటున్నాను. దారి కనపడితే భయం సగం తగ్గుతుంది. మిగతా సగం పని చేస్తుంటే తగ్గుతుంది.

మన బాపతు పెద్దమనుషులు

తలకిందులైన గొప్పవాళ్ళ జాబితా పెద్దదే. జవహర్‌లాల్ నెహ్రూ జైల్లో ఉన్నప్పుడు శీర్షాసనం వేసేవారు. ఆ భంగిమే కాస్త నవ్వొచ్చేట్టు ఉంటుంది కాబట్టి మనసు తేలికపడేదని 1936లో వచ్చిన ఆత్మకథలో రాసుకున్నారు. అయ్యంగార్ శిష్యుడైన వయొలిన్ విద్వాంసుడు యెహూది మెనూహిన్ 1982లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందం ముందు శీర్షాసనం వేసి, కాళ్ళతో బీథోవెన్ సంగీతానికి తాళం చూపించాడు! కన్నడ కంఠీరవ రాజ్‌కుమార్ యోగసాధన ఎంత గట్టిదో 'కామన బిల్లు' (1983) చూసినవాళ్ళకు తెలుసు. మన అనుష్క 'సూపర్' (2005)తో తెరకెక్కేముందు యోగా టీచరే.

వీళ్ళెవరూ ఒక్క రోజులో అక్కడికి చేరినవాళ్ళు కారు. జాకీ చాన్ చిన్నప్పుడు హాంగ్‌కాంగ్‌లో ఓ పెకింగ్ ఒపెరా బడిలో పెరిగాడు. ఆ బడి కథతో 1988లో 'పెయింటెడ్ ఫేసెస్' అనే సినిమా వచ్చింది. అతని సహాధ్యాయి సామో హంగ్ అందులో గురువు వేషం వేశాడు. పిల్లల్ని ఎంత కఠినంగా తయారుచేసేవారో ఆ చిత్రంలో చూడొచ్చు. బెత్తం భయంతో కూడా విద్య వస్తుంది. కాదనను. కానీ మనకు పొట్టకూటి కోసం పైకప్పులు దూకే పని లేదు కదా! మనకు మాస్టారి పద్ధతే మేలు.

సరదా సరే, జాగ్రత్త మాట

ఫోన్లో చూస్తుంటే సముద్రపు ఒడ్డున, మేడ పిట్టగోడ పక్కన, చేతుల మీద నిలబడ్డ వీడియోలు కోకొల్లలు. ఆ ముప్ఫయి సెకన్ల వెనకాల ఉన్న ఏళ్ళు అందులో కనిపించవు. మీరు మాత్రం కాలేజీ వరండాలో స్నేహితులు రెచ్చగొడితే మొదటి ప్రయత్నం చెయ్యకండి.

రక్తపోటు ఎక్కువున్నవాళ్ళు, మెడ ఎముకల్లో ఇబ్బంది ఉన్నవాళ్ళు, గ్లాకోమా గానీ రెటీనా జబ్బు గానీ ఉన్నవాళ్ళు డాక్టర్నడగకుండా వీటి జోలికి పోకూడదు. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపు అవుతుందని చెన్నై కంటి వైద్యులు చేసిన పరిశోధన 2006లో వెలువడింది. ఆరోగ్యవంతుల కళ్ళు దాన్ని తట్టుకోవచ్చు. గ్లాకోమా ఉన్న కన్నుకు అది ప్రమాదం. గర్భిణులు కొత్తగా మొదలుపెట్టకూడదు. నెలసరి రోజుల్లో మా మాస్టారు ఆడవాళ్ళను గోడ దగ్గర కూడా కాళ్ళెత్తనివ్వరు, పడుకుని విశ్రాంతి తీసుకోమంటారు. భోజనం చేశాక మూడు నాలుగు గంటలు ఆగాలి. పెసరట్టు ఉప్మా తిని తలకిందులైతే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు.

ఇక శీర్షాసనం వేస్తే జుట్టు ఒత్తుగా వస్తుంది, తెలివి పెరుగుతుంది అనేవి విని ఊరుకోండి. మెదడు తనకు ఎంత రక్తం కావాలో తానే చూసుకుంటుంది. తలకిందులయ్యామని చెంబుతో పోసినట్టు దాంట్లోకి పొయ్యదు. మా మాస్టారు ముప్ఫయి ఏళ్ళుగా శీర్షాసనం వేస్తున్నారు. తల నున్నగా మెరుస్తూ ఉంటుంది!

మరి దేనికి చెయ్యాలంటారా? భుజాలు గట్టిపడతాయి. నడుం తిన్నగా నిలుస్తుంది. ఊపిరి మీద ధ్యాస కుదురుతుంది. అన్నిటికంటే ముఖ్యం, చిన్నప్పుడు మీకు వచ్చి, ఎప్పుడో ఎక్కడో వదిలేసిన ఒక విద్య తిరిగి మీ చేతికొస్తుంది.

ఇవాళ సాయంత్రం భోజనానికి ముందు, ఇంట్లో ఓ ఖాళీ గోడ వెతుక్కోండి. దుప్పటి పరుచుకోండి. కాళ్ళు గోడకు చాపి పది శ్వాసలు పడుకోండి. శీర్షాసనం మాట ఇప్పుడే ఎత్తకండి. దానికి మంచి గురువు దొరికాక చూసుకుందురుగాని. ముందు ఒక్క క్షణం. రేపు దానికి మరో క్షణం. ఎవరైనా తలుపు తీసి చూసి, "ఇదేం విపరీతం?" అంటే కంగారుగా లేవకండి. మోకాళ్ళు ముడిచి, పక్కకు తిరిగి, నెమ్మదిగా దిగి కూర్చోండి. తర్వాత నవ్వండి. వాళ్ళనీ పక్కన పడుకోమనండి. గోడ పొడుగ్గానే ఉంటుంది కదా!